పెద్దకోడలి గొంతు

మార్చి 4, మంగళవారం

రోజూ నాలుగు ముక్కలు రాయమన్నాడు మైకాయన, మా గొంతులు రికార్డు చేసే అతను. రాస్తూ ఉంటే చదవడం తేలికవుతుందట. డబ్బింగు గదిలో టీవీ సీరియలు కాగితం నా చేతికిస్తారు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కునేలోపు తెర మీద పెద్దకోడలు నోరు మూసేసుకుంటోంది. ఏడో తరగతి దగ్గర ఆగిన చదువు నాది. ఈ వయసులో మళ్ళీ దస్తూరీ. ఎవరూ చదవరు కాబట్టి సిగ్గు లేదు.

ఏం రాయను? మా అమ్మాయి ఏడేళ్ళు కూర్చున్న కుర్చీలో కూర్చుంటున్నాను. కొత్త గొంతు దొరికేదాకా ఒక్క వారమే అన్నారు.

రైటరు పాపం పరామర్శకే ఫోను చేశాడు. నేను హలో అన్నాను. అవతల ఉలుకూ పలుకూ లేదు. చాలాసేపటికి "అమ్మా, మీరేనా?" అన్నాడు. మా ఇంట్లో ఎప్పుడూ ఇదే తంతు. ఫోనెత్తితే నన్ను అదనుకుని, దాన్ని నేననుకుని మాట్లాడేసేవాళ్ళు. మర్నాడే ఇంటికి వచ్చాడు. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని తాగడు, కింద పెట్టడు.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. మీ అమ్మాయి పోయాక ఇద్దరు ముగ్గుర్ని పెట్టి చూశాం. పెద్దకోడలి గొంతు మారిందని జనం బూతులు తిడుతున్నారు. మీరు ఒక్కసారి వచ్చి రెండు మాటలు చెప్పి చూడండి."

తెర మీద పెద్దకోడలు వేషం వేసే పిల్లకి మన భాష రాదు. కెమెరా ముందు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు చదువుతుంది. కన్నీళ్ళు మాత్రం నిజంవే. ఆ అంకెల మీద మాటలు పరిచేది మా అమ్మాయి. ఆ పిల్ల మొహం మీద నుంచి మా పిల్ల మాట్లాడేది. ఈ సంగతి తెలిసినవాళ్ళు వీధిలో ఇద్దరో ముగ్గురో.

మా ఆయనకి ఇష్టం లేదు. "దాని కుర్చీ దానికి ఉండనివ్వవే" అన్నారు. మరి వాళ్ళు ఇబ్బందిలో ఉన్నారు కదా. ఏడేళ్ళు అన్నం పెట్టినవాళ్ళు.


మార్చి 6, గురువారం

ఆ గదికి కిటికీ లేదు. గోడలకి మెత్తటి బట్ట అంటించారు. తలుపు వేస్తే మన ఊపిరి మనకే వినపడుతుంది. అద్దం అవతల మైకాయన కూర్చుంటాడు. నలభై ఏళ్ళుంటాయి, నన్ను అక్కా అంటాడు. సగం పంటితో, సగం ముక్కుతో నవ్వుతాడు.

మొదలుపెట్టేముందు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి పాత ముక్క ఒకటి వినిపిస్తాడు. మా అమ్మాయి చెప్పింది. దాని ఎత్తు, దాని వేగం నా గొంతులోకి దిగాలని. ఇవాళ వినిపించింది: "మీరు వెళ్ళండి అత్తయ్యా, వంటిల్లు నేను చూసుకుంటాను."

అదొక్కటే. వంటింట్లోకి తొంగిచూసిన పాపాన పోలేదు అది ఎన్నడూ.

"ఇంకోసారి వెయ్యి తమ్ముడూ, ఎత్తు సరిగా అందలేదు" అన్నాను. వేశాడు. ఇంకోసారి అన్నాను. వేశాడు. నాలుగోసారి నేను అడక్కుండానే వేశాడు.

పని కదా. సరిగా చెయ్యాలి.


మార్చి 7

చదవడం కొంచెం నయం. "మనస్తాపం" అనే మాట దగ్గర బండి దిగబడిపోయింది.


మార్చి 10, సోమవారం

ఎదురింటావిడ పొద్దున్నే పాల గిన్నెతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడకి ఈ సీరియలే లోకం. సాయంత్రం ఏడున్నరకి ఆవిడ ఇంటికి దొంగ వెళ్ళినా "కాసేపు కూర్చో నాయనా, అయిపోనీ" అంటుంది.

"వదినా, నిన్న మన అమ్మాయి గొంతు మళ్ళీ వచ్చింది! మధ్యలో ఎవత్తో కాకిగొంతుది వచ్చిందిగా, దాన్ని పీకేశారు. ముందుగానే రికార్డు చేసి పెట్టుకున్నట్టున్నారు. ఎంత ముందు చూపో!"

నేను చెప్పబోయాను. బయట ఎవరికీ చెప్పొద్దని చానెలువాళ్ళు గట్టిగా చెప్పారు. అందుకే చెప్పలేదు.

"ఉన్నట్టే ఉంది వదినా" అని ముక్కు చీదుకుని వెళ్ళింది.

ఆయన లోపలినుంచి వింటూనే ఉన్నారు. సీరియలు వేళకి చొక్కా వేసుకుని వీధిలోకి వెళ్ళిపోతారు రోజూ. అయిపోయే వేళకి వస్తారు. నడక మంచిదని డాక్టరు చెప్పాడట. ఏ డాక్టరో.


మార్చి 15, శనివారం

నాకు ఏడుపు రావడం లేదని గోల.

మాటలు బాగున్నాయట. ఏడుపు బాగాలేదట. మైకు ముందు నిలబెట్టి "ఏడవండమ్మా" అంటే ఎలా ఏడుస్తాం? ఆవులిస్తున్నట్టు వస్తోంది. మైకాయన తల పట్టుకున్నాడు. అసలు సంగతి వాళ్ళకేం తెలుసు, నాకు ఇంట్లో కూడా రావడం లేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ కళ్ళు ఎండిపోయాయి. చుట్టాలు చెవులు కొరుక్కున్నారు కూడా, రాయిలా కూర్చుందేమిటి ఈవిడ అని.

చివరికి ఒక ఉపాయం చేశారు. మా అమ్మాయి ఏడుపులు వాళ్ళ దగ్గర బోలెడు ఉన్నాయి. చిన్న ఏడుపు, పెద్ద ఏడుపు, పంటి బిగువున ఆపుకున్న ఏడుపు, ముక్కు ఎగబీల్చడం. ఏడేళ్ళలో ఏడ్చినవన్నీ దాచారు. నేను మాట చెబుతాను. నా మాట చివర దాని ఏడుపు అతుకుతారు. ఎక్కడ నేను ఆగానో, ఎక్కడ అది మొదలైందో విన్నవాళ్ళకి తెలియదు.

నాకు తెలుస్తుంది.

వారం అన్నది దాటింది. ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. నేనూ ఎత్తలేదు, వాళ్ళకి గుర్తు చేసినట్టు ఉంటుందని.


మార్చి 24, సోమవారం

రైటరుతో కాసేపు కూర్చున్నాను. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్ళో అట్ట, చేతిలో ఆరిపోయిన సిగరెట్టు. ఇవాళ తియ్యాల్సిన సీను ఇవాళే రాస్తాడు. అవతల షూటింగు దగ్గర లైట్లు పెట్టి కాగితం కోసం ఎదురుచూస్తూ ఉంటారట. పెళ్ళివారు వచ్చి కూర్చున్నాక పొయ్యి రాజేసినట్టు.

"ఎలా ఉంటుంది బాబూ కథ, ముందు?" అన్నాను.

"కథా?" అని నవ్వాడు. "నేను రాసుకున్న కథ రెండేళ్ళకే అయిపోయిందమ్మా. మిగిలిన అయిదేళ్ళూ జనం రాస్తున్నారు, నేను దస్తూరీ పెడుతున్నాను. పెద్దకోడలు ఒక కుట్టుమిషను కొనుక్కుని తన కాళ్ళ మీద తాను నిలబడుతుందని రాశాను. వారం తిరక్కుండా చానెలావిడ ఫోను. పెద్దకోడలు నవ్వుతుంటే జనం వేరే చానెలుకి పోతున్నారట. మిషను తగలబెట్టించాను."

"అయ్యో, కొత్త మిషను!"

"కొత్తదే అమ్మా. నాకూ బాధేసింది."

తర్వాత అడిగాడు, ఇంట్లో ఎలా ఉంటున్నారు అని. అందరూ అడుగుతారు, ఉన్నాంలే అంటాను. ఎందుకో ఇవాళ నోరు జారింది. ఎండలు ముదిరాయి కదా, ఆయన చల్లనీళ్ళు అడిగారు నిన్న. ఫ్రిజ్జులో లేవు. ఏడేళ్ళుగా మా ఫ్రిజ్జులో నీళ్ళు పెట్టం. దాని గొంతు పాడవుతుందని. సీసా తీసి, కడిగి, నింపి, ఫ్రిజ్జు తలుపు తీశాను. పెట్టలేకపోయాను. మళ్ళీ సింకులో పారబోశాను.

"ఇంక ఎవరి గొంతు పాడవుతుందని బాబూ? అయినా చెయ్యి రావట్లేదు" అన్నాను.

రైటరు సిగరెట్టు ఆరిపోయిందని అప్పుడే చూసుకున్నట్టు చూశాడు. మంచి మనిషి.


మార్చి 27

గురువారం. ఎంతమంది చూశారో చెప్పే అంకెలు గురువారమే వస్తాయి. ఇవాళ రైటరు మొహం పరీక్ష తప్పిన పిల్లాడిలా ఉంది. మనవి బాగా పడిపోయాయట.


ఏప్రిల్ 2, బుధవారం

ఇవాళ అక్షరాలు వంకర పోతున్నాయి.

పెద్దకోడలికి ఒక కూతురు. పదేళ్ళది. బాగా పాడుతుంది. పాటల పోటీకి వెళుతుంటే బడి బస్సు వంతెన మీద నుంచి నదిలో పడుతుంది. పిల్ల పోతుంది. ఇవాళ ఇచ్చిన కాగితాల్లో ఉంది. సరే, ఏం చేస్తాం, సీరియలు. చదువుకుంటూ వెళ్ళాను. మూడో కాగితంలో అత్తగారు ఫ్రిజ్జులో సీసా పెడుతుంటుంది. పెద్దకోడలు పరిగెత్తుకొచ్చి లాక్కుంటుంది.

"చల్లనీళ్ళు పెట్టకండి అత్తయ్యా, పాప గొంతు పాడవుతుంది!"

అత్తగారు కొయ్యబారిపోతుంది. అప్పుడు పెద్దకోడలికి తెలిసొస్తుంది. "ఇంక ఎవరి గొంతు పాడవుతుంది అత్తయ్యా? అయినా నా చెయ్యి రావట్లేదు."

మొదట నేను తప్పు చదివాననుకున్నాను. నా చదువు అంతంతమాత్రం కదా. మళ్ళీ చదివాను.

కాగితం పట్టుకుని వరండాలోకి వెళ్ళాను.

"ఇది నా మాట."

రైటరు తల ఎత్తలేదు. "అవునమ్మా."

"నా ఇంట్లో ఫ్రిజ్జు ఇది. మీకు చెప్పుకున్నాను, అమ్ముకోలేదు."

"అమ్మా, అడగాల్సింది. అడిగితే వద్దంటారని అడగలేదు. పద్దెనిమిది సీన్లు తిప్పి కొట్టారు ఈ వారం. రాత్రీ పగలూ ఏం రాసినా 'బరువు లేదు' అంటున్నారు. ఈ ఒక్కటి చదివి చానెలావిడ ఏడ్చిందమ్మా. ఆవిడకి కళ్ళు తడవడం నేనింతవరకు చూడలేదు."

"అయితే నన్నేం చెయ్యమంటారు, పొంగిపోనా?"

"వద్దంటే తీసేస్తాను." నిజంగానే పెన్ను తీశాడు. కొట్టెయ్యడానికి చెయ్యి మాత్రం కదలలేదు. అన్నం ముందు నుంచి లేపేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ మనిషి మొహం.

నాకు ఎక్కణ్ణించి వచ్చిందో అంత నోరు. "ఉంచండి. నాకేమీ ఇవ్వొద్దు. ఒక్క మాట ఇవ్వండి. ఆ పిల్ల మళ్ళీ రాకూడదు. మీ సీరియళ్ళలో పోయినవాళ్ళంతా ఆర్నెల్లకి తిరిగొస్తారు. మావగారు రెండుసార్లు వచ్చాడు. నా మాట పెట్టి ఏడిపిస్తున్నారు కదా, ఆ పిల్ల పోతే పోవాలి."

"మాట. ఈసారి నిజం చావే అమ్మా."

చేతిలో చెయ్యి వేశాడు.


ఏప్రిల్ 4

చెప్పాను. మొదటిసారికే సరిపోయింది. ఏడుపు మాత్రం దాన్నే అతికారు, పంటి బిగువుది.


ఏప్రిల్ 9, బుధవారం

నిన్న వచ్చింది టీవీలో. నేను చూడలేదు, చూడక్కర్లేదు కూడా. పొద్దున్నే ఎదురింటావిడ చెప్పుల్లేకుండా వచ్చేసింది.

"వదినా, ఆ చల్లనీళ్ళ మాట విన్నారా! మా కోడలు, నేను, పైవాటా టీచరమ్మ, ముగ్గురం ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి ఏడ్చాం. మా కోడలూ నేనూ కలిసి ఏడవడం పెళ్ళయ్యాక ఇదే. ఎవడు రాశాడో గానీ వాడికి బిడ్డ పోయి ఉండాలి."

"ఏమో" అన్నాను.

"కానీ ఒకటి వదినా." గొంతు తగ్గించి దగ్గరికి వచ్చింది. "శవాన్ని చూపించలేదు. గమనించారా? నదిలో ఒక చెప్పు దొరికిందంతే. సీరియల్లో శవం చూపించకపోతే చావు కాదు. రాసిపెట్టుకోండి, పిల్ల వస్తుంది."

"రాదు."

"వస్తుంది వదినా, నా అనుభవం..."

"రాదని చెప్పానా!" అరిచినట్టున్నాను. పాపం, ఆవిడ పాల గిన్నె ఒలికిపోయింది.

చూపించకపోతే చావు కాదట. చూసినదాన్ని నేను. ఆ మూడు రోజుల జ్వరం, తర్వాత ఆ తెల్లటి దుప్పటి.


ఏప్రిల్ 18, శుక్రవారం

అంకెలు ఎక్కడికో వెళ్ళాయట. స్టూడియోలో మిఠాయిలు పంచారు, ఒక పిల్ల చచ్చిపోయినందుకు. నా చేతిలోనూ ఒకటి పెట్టారు. పారెయ్యలేదు, కొంగున కట్టి తెచ్చాను. చీమలు పట్టాయి.

ఇంక చూడాలి వీళ్ళ ఆశ. ఫ్రిజ్జు లేని రోజు లేదు. సోమవారం పెద్దకోడలు ఫ్రిజ్జు తలుపు తీస్తుంది. మంగళవారం తీసిన తలుపు దగ్గరే నిలబడి ఉంటుంది. బుధవారం ఆడపడుచు సీసా నింపుతుంది, ఉరుములు, మెరుపులు, అందరి మొహాలూ మూడేసిసార్లు. ఇంట్లోపల ఉరుమేమిటో. కుళాయి విప్పితే పిడుగు పడుతుంది.

రైటరు నాకు ఎదురుపడడం లేదు. వరండాలో కుర్చీ ఖాళీ. లోపలెక్కడో తలుపేసుకుని రాస్తున్నాడట.

నా ఒక్క మాటని పిండి పిండి పిప్పి చేశారు. ఇప్పుడు ఇంట్లో ఫ్రిజ్జు తలుపు తీస్తే నాకే నటిస్తున్నట్టు ఉంటోంది. నా బాధ నాకు చేతికి అందకుండా పోయింది.


ఏప్రిల్ 21

ఇవాళ వినిపించిన పాత ముక్క: "ఒక్క నిమిషం ఆగు, వస్తున్నా." అయిదుసార్లు వేయించుకున్నాను. మైకాయన అడిగాడు, "ఫోనులోకి ఎక్కించి ఇవ్వనా అక్కా, ఇంట్లో వినొచ్చు" అని. వద్దన్నాను. ఇంట్లో ఆయన ఉంటారు. అయినా నేను వినేది పని కోసమే కదా.


ఏప్రిల్ 25, శుక్రవారం

పిల్లని తెస్తున్నారు.

రైటరే పిలిచాడు. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"అమ్మా, నిన్న అంకెలు సగానికి పడ్డాయి. ఏడుపు చాలు, పాపని తీసుకురండి అని వేలమంది రాస్తున్నారు. ఒకావిడ ఏకంగా గేటు దగ్గరికి వచ్చి కూర్చుంది. పాప వస్తేనే అన్నం తింటుందట."

"మాటిచ్చారు."

"ఇచ్చాను."

"చేతిలో చెయ్యి వేశారు."

"వేశానమ్మా." కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా మరక పోవడం లేదు. "నిన్న గొడవ పెట్టుకున్నాను. పోయిన పిల్లని తెస్తే చల్లనీళ్ళ సీను బూటకం అయిపోతుంది అన్నాను. చానెలావిడ ఏమందో తెలుసా? 'బూటకమని వాళ్ళకి తెలీదా? తెలిసే అడుగుతున్నారు. బయట ఎలాగూ రారు కదా, ఇక్కడైనా రానివ్వండి' అంది. నా దగ్గర జవాబు లేకపోయింది. మీ దగ్గర ఉందా అమ్మా? ఉంటే చెప్పండి, వెళ్ళి చెబుతాను."

నా దగ్గర లేదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"మీరు మాట మీద నిలబడేవాళ్ళయితే మానెయ్యాల్సింది."

"నేను మానేస్తే సాయంత్రానికి ఇంకొకడు కూర్చుంటాడమ్మా ఆ కుర్చీలో. వాడు పిల్లనే కాదు, బస్సు డ్రైవర్ని కూడా బతికిస్తాడు."

నవ్వించాలని చూశాడు. నేను నవ్వలేదు.

"సోమవారం నుంచి రాను. పిల్ల వచ్చినప్పుడు ఆ కేక నేను వెయ్యలేను" అన్నాను. మైకాయన గది ముందు నుంచే వచ్చాను. తలుపు తీసే ఉంది. లోపలికి చూడలేదు.


ఏప్రిల్ 28, సోమవారం

వెళ్ళలేదు. ఇల్లంతా దులిపాను. ఆయన ఒకసారి నా వైపు చూసి, "ఇవాళ పని లేదా?" అన్నారు. "లేదు" అన్నాను. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.


ఏప్రిల్ 30

మధ్యాహ్నాలు గడవడం లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకునే వేళకి చెవులు దురద పెడుతున్నాయి. మనిషి ఎంత సిగ్గులేనిది.

పెద్దకోడలికి మళ్ళీ కాకిగొంతు అమ్మాయి వచ్చిందట. వీధి అవతల నుంచి వింటే తెలుస్తోంది. పాపం బాగానే చెబుతోంది. చిన్నపిల్ల, గొంతులో ఇంకా పాలవాసన.


మే 3, శనివారం

ఎదురింటావిడ ఇవాళ గిన్నె లేకుండా వచ్చింది, కోపంగా.

"మళ్ళీ దాన్ని పెట్టారు వదినా! రేపోమాపో పాప వస్తుందట, మొన్న ప్రకటన వేశారు. అప్పుడు కూడా ఇదే గొంతయితే ఇంకెందుకు? తల్లి గొంతు తెలీకపోతే వచ్చిన పిల్ల మాత్రం ఎలా గుర్తుపడుతుంది?"

"అది సీరియలమ్మా" అన్నాను.

"తెలుసు లెండి. నాకూ బుర్ర ఉంది." గుమ్మంలోనే కూలబడింది. "మా అన్నయ్య పడవ మీద పోయాడు. నాకు తొమ్మిదేళ్ళు. శవం దొరకలేదు. మా అమ్మ చచ్చేదాకా వీధి తలుపు గడియ పెట్టనివ్వలేదు. ఎవరింట్లోనన్నా సరే, ఒక్కళ్ళు తిరిగొస్తే చూడాలని ఉంటుంది వదినా. చూసి పోతే ఏం పోయింది?"

మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆవిడ చేతికిచ్చాను.

మైకాయన రెండుసార్లు ఫోను చేశాడు. వాళ్ళు చాలా ఇబ్బందిలో ఉన్నారు. ఆ ఒక్క సీను చెప్పి వచ్చేస్తాను. మధ్యలో వదిలేసి రావడం పద్ధతి కాదు. ఆవిడ కోసం కూడా.

ఆయనకి చెప్పాను. "నీ ఇష్టం" అన్నారు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే ఇష్టం లేదని.


మే 5, సోమవారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

మైకాయన ఎప్పటిలా పాత ముక్క వినిపించబోయాడు. పది రోజులుగా నేను తపించిపోయింది దానికోసమే, ఇవాళ ఒప్పుకుంటున్నాను. రాసుకునేది నాకోసమే అయినప్పుడు ఇందులో కూడా అబద్ధం దేనికి? విన్నాను. "అత్తయ్యా, తలుపు ఎవరో కొడుతున్నారు" అంటోంది. తర్వాత తెర మీద సీను వేశారు.

పెద్దకోడలు ముగ్గురు మనుషులు పట్టేంత గుమ్మంలో నిలబడుతుంది. ఎదురుగా మట్టి కొట్టుకుపోయిన గౌనుతో పిల్ల. పెద్దకోడలు నోరు తెరుస్తుంది. ఆ తెరిచిన నోట్లో నేను కేక పెట్టాలి. కాగితం కంఠతా వచ్చేసింది. నేను పళ్ళు బిగించుకునే నిలబడ్డాను. ఏదో ఒకలా అనేసి పోదాం, వాళ్ళ పాపం వాళ్ళది అనుకున్నాను.

నోరు తెరిచాను.

అది నా నోట్లోంచి వచ్చిందని ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను. సంతోషం. ఒళ్ళంతా సంతోషం. ఇన్ని రోజులూ ఏడవమంటే చుక్క రాలేదు, ఇవాళ నవ్వూ ఏడుపూ కలిసి కడుపులోంచి తన్నుకొచ్చాయి. పిల్లని పిలిచాను, మొగుణ్ణి కేకేశాను, ఇల్లు లేచిపోయేలా అరిచాను. అయిపోయాక కుర్చీ పట్టుకున్నాను.

అద్దం అవతల అందరూ లేచి చప్పట్లు కొడుతున్నారు. నాకు వినపడదు, చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. రైటరు గోడకి తిరిగి నిలబడ్డాడు.

మైకాయన లోపలికి వచ్చాడు. "అక్కా, గొంతు ఎత్తు దాటిపోయింది. అమ్మాయిది కాదు, పూర్తిగా మీ గొంతే అయిపోయింది. అయినా వదిలేస్తున్నాను. ఇలాంటిది మళ్ళీ రాదు. ఏమీ అతకక్కర్లేదు."

ఆ కాసేపూ నేను నమ్మాను. నటించలేదు. నమ్మాను. నా పిల్ల విషయంలో నేనే ఆ గేటు దగ్గర కూర్చున్నదానిలా అయిపోయాను. మాట తప్పాడని రైటర్ని తిట్టిన నోరే ఇది.


మే 8, గురువారం

ఇవాళ వేశారు ఆ సీను.

ఆయన నడకకి వెళ్ళలేదు. మడమ బెణికింది. స్నానానికి వెళ్ళారు. నేను ఇక్కడ కూర్చుని పప్పు బాగు చేసుకుంటున్నాను. మా టీవీ పెట్టలేదు. ఎదురింటావిడ మాత్రం కిటికీలు బార్లా తీసి, వీధి మొత్తానికి వినపడేలా పెట్టింది. పండగ చేసుకుంటోంది ఆవిడ.

తలుపు కొట్టిన చప్పుడు. ఉరుములు. నాకు ఏం రాబోతోందో తెలుసు. చెవులు మూసుకునే టైము కూడా ఉంది. మూసుకోలేదు.

"ఏమండీ! ఏమండీ, త్వరగా రండి! అమ్మాయి వచ్చింది!"

నా గొంతే. మా ఇంట్లో ఎన్ని సాయంత్రాలు అలా కేకేశానో ఆ గొంతే.

స్నానాల గది తలుపు దభాలున తెరుచుకుంది. ఆయన ఒంటికి తువ్వాలు, తల మీద సబ్బు నురగ, బెణికిన కాలితో పరిగెత్తుకుంటూ వచ్చారు. నా వైపు చూడలేదు. సరాసరి వీధి తలుపు వైపు చూశారు. మొహం వెలిగిపోతోంది. పదేళ్ళు తగ్గిపోయాయి ఆ మనిషికి.

గుమ్మంలో ఎవరూ లేరు.

అవతల నుంచి మళ్ళీ అదే కేక. అప్పుడు ఆయనకి అర్థమైంది. వెలుగు ఎలా పోతుందో చూశాను. కళ్ళలోకి నురగ కారుతోంది, తుడుచుకోలేదు. నేను ఆ సీను చెప్పి వచ్చానని ఆయనకి తెలుసు. తెలిసి కూడా పరిగెత్తారు.

"ఏమీ లేదండీ, సీరియలు" అన్నాను.

"ఊఁ. నీళ్ళు ఆపలేదు నేను" అని వెనక్కి తిరిగారు. కుంటుకుంటూ వెళ్ళారు.

లోపల నీళ్ళు చాలాసేపు పడుతూనే ఉన్నాయి. నేను పప్పులో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాను. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. వాళ్ళ దగ్గర ఉన్న ఏ రకమూ కాదు.


మే 9, శుక్రవారం

పొద్దున్నే రైటరు ఫోను. గొంతు హుషారుగా ఉంది.

"అమ్మా, జనం వెర్రెత్తిపోతున్నారు! గేటు దగ్గర ఆవిడ కొబ్బరినీళ్ళు తాగి ఇంటికి వెళ్ళింది. ఇంక వరసగా తల్లీకూతుళ్ళ సీన్లే. తలంటు పోయడం, జడ వెయ్యడం, పక్కన పడుకుని కబుర్లు. నెల రోజులకి సరిపడా రాసేశాను. మీ గొంతులోనే..."

నెల రోజులు. జడ వెయ్యడం. ఒక్క క్షణం నా ప్రాణం అటు లాగింది. లాగలేదని రాస్తే అబద్ధం. ఆ గదిలో మా పిల్ల గొంతు ఉంది. నేను వెళ్ళకపోతే అది ఎవరికీ వినిపించరు, అలా డబ్బాలో పడి ఉంటుంది.

ఉండనీ.

"నేనింక రాను బాబూ."

"అమ్మా, అలా అంటే ఎలా? ఇప్పుడేగా పాప వచ్చింది!"

"వచ్చిన పిల్లకి వేరే అమ్మని చూసుకోండి. ఆ కొత్తమ్మాయి బాగానే చెబుతోంది, తిట్టినా ఓర్చుకుని నాలుగు రోజులు ఉంచండి. జనం అలవాటుపడతారు." అక్కడితో ఆపుదామనుకున్నాను. నోరు ఆగలేదు. "మా అమ్మాయి పోయింది బాబూ."

"తెలుసమ్మా" అన్నాడు చిన్నగా.

"మీకు తెలుసు. నేనే ఇంతవరకు అనలేదు."

ఫోను పెట్టేసి తిరిగితే ఆయన గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. ఈసారి ఎటూ పరిగెత్తలేదు. కుంటుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నారు.